పలక మీద తేనె



గత నెల రేడియో వర్తమానము ముగిసిన తరువాత ఒక తల్లి ఫోను చేశారు. "అయ్యగారూ, మా బాబుకి నాలుగో ఏడు నడుస్తోందండి. పలక తీస్తే చాలు, ఏడుపు. బలపం చేతికిస్తే విసిరికొడుతున్నాడు. పక్కింటి పాపేమో ఏబీసీడీలు అన్నీ రాసేస్తోంది. వీడి కోసం ప్రార్థన చెయ్యండి" అన్నారు. ప్రార్థన చేశాను. చేసిన తరువాత ఆమెను ఒక మాట అడిగాను. "అమ్మా, మీ ఇంట్లో తేనె ఉందా?" కాసేపు అవతల నుండి మాట లేదు. దగ్గుకి మందు చెబుతున్నానేమో అనుకుని ఉంటారు.

ఆ రోజు ఫోనులో సగమే చెప్పగలిగాను. మిగతాది ఈ పేజీలలో చెబుతాను. మూడేళ్ళ నుండి ఆరేళ్ళ లోపు పిల్లలున్న ప్రతి ఇంటికీ ఇది పనికివస్తుంది. పగలంతా పిల్లలను చూసుకునే అమ్మమ్మలకూ, నాయనమ్మలకూ మరీ ఎక్కువగా పనికివస్తుంది.

ముందుగా నా సంగతి ఒప్పుకోవాలి. మా పెద్దవాడికి మూడున్నరేళ్ళప్పుడు నేనే దగ్గర కూర్చుని అక్షరములు దిద్దించేవాడిని. చేతిలో స్కేలు ఉండేది. సెమినరీలో హెబ్రీ, గ్రీకు క్రియారూపములు కంఠతా పట్టి వచ్చినవాడిని కదా, నా కొడుకుకి 'అ' రాకపోవడమేమిటన్న గర్వము లోపల ఉండేది. ఒకరోజు పలక కనబడలేదు. ఇల్లంతా వెదికాము. రెండు రోజుల తరువాత నా భార్య బియ్యం డబ్బా అడుగుకంటా చెయ్యి పెడితే పలక తగిలింది. వాడే దాచాడు. ఆదివారము ప్రేమను గురించి ప్రసంగించి, సోమవారము స్కేలు పట్టుకున్నవాడిని నేను. వాడిప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. ఈనాటికీ తెలుగు పుస్తకము చేతికిస్తే మంచినీళ్ళకని లేచి వెళతాడు.

తరువాత చాలా కాలానికి, యూదుల పండుగలను గురించి చదువుతుండగా ఒక విషయము నా కంటబడింది. మధ్యయుగములలో జర్మనీ దేశపు రైను నదీ ప్రాంతములో ఉన్న యూదులు తమ చిన్నపిల్లలకు మొదటి అక్షరములు నేర్పే రోజున ఒక ఆచారము పాటించేవారు. మనము పెంతెకొస్తు అని పిలిచే వారముల పండుగనాడు తండ్రి పిల్లవాడిని గుడ్డలో చుట్టి ఎత్తుకుని గురువు దగ్గరకు తీసుకొని వెళ్ళేవాడు. గురువు అక్షరములు వ్రాసిన పలక తీసి, ఒక్కొక్క అక్షరము పలికించి, ఆ పలక మీద తేనె రాసేవాడు. పిల్లవాడు దానిని నాలుకతో నాకేవాడు. వోర్మ్స్ పట్టణపు రబ్బీ ఎలియాజరు రచనలలో ఈ సంగతి ఉంది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ తేనె ఎప్పుడు ఇచ్చారు? అన్నీ వచ్చేశాక ఇచ్చారా? లేదు. ఆ పిల్లవాడికి ఇంకా ఏ అక్షరమూ రాదు. రాకముందే ఇచ్చారు. మనమేమి చేస్తున్నాము? "పది సార్లు రాస్తే చాక్లెట్టు, లేకపోతే లేదు" అంటున్నాము. అది కూలి బేరము. నాలుగేళ్ళవాడు ఆ బేరము చాలా తొందరగా నేర్చుకుంటాడు; రెండో వారములో రెండు చాక్లెట్లు అడుగుతాడు, మూడో వారములో చాక్లెట్టు లేకపోతే పలక ముట్టడు. కాబట్టి నేను చెప్పబోయే పనులలో తేనె ఎక్కడా బహుమానము కాదు. తేనే పాఠము.

2020వ సంవత్సరములో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా చిన్నదానికి నాలుగేళ్ళు. సండే స్కూలు లేదు, అంగన్‌వాడీ లేదు, వీధిలోకి పోనిచ్చే పరిస్థితి లేదు. రంపచోడవరం వైపు నుండి ఒక విశ్వాసి అంతకు ముందెప్పుడో తెచ్చి ఇచ్చిన కొండతేనె సీసా ఒకటి అలమరలో ఉంది. ఇంచుమించు ఆ ఒక్క సీసాతోనే మా ఇంట్లో బడి నడిచింది. మీకు అలాంటి తేనె దొరకకపోయినా, గిరిజన సహకార సంస్థ దుకాణములో కొన్నదైనా, కిరాణా కొట్టులో కొన్నదైనా సరిపోతుంది.

ఆ పనులు చెప్పేముందు ఒక హెచ్చరిక. దీనిని దయచేసి దాటవేయవద్దు.

ఏడాది నిండని పసిబిడ్డకు తేనె ఒక్క చుక్క కూడా పెట్టకూడదు. మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే తేనె నాకించడము, వస అరగదీసి తేనెలో కలిపి నాలుకకు రాయడము పెద్దలు ప్రేమతోనే చేస్తూ వచ్చారు. కాని తేనెలో ఒక్కొక్కసారి బొటులిజం అనే జబ్బు కలిగించే సూక్ష్మక్రిముల బీజములు ఉంటాయి. పెద్దల కడుపులో అవి ఏమీ చేయలేవు. ఏడాది లోపు బిడ్డ పేగులలో మాత్రము అవి మొలకెత్తి విషము పుట్టించగలవు. మలబద్ధకము మొదలవుతుంది, ఏడుపు నీరసిస్తుంది, పాలు చప్పరించడానికి బలము ఉండదు, మెడ వాలిపోతుంది, ఊపిరి కూడా కష్టము కావచ్చు. అలాంటప్పుడు ఒక్క క్షణము ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. తేనెను కాచి పెట్టినా ఆ బీజములు చావవు. దీనిలో మరొక సంగతి ఉంది. మీ నాలుగేళ్ళ పాప తేనెతో ఆడుకుని, ఆ వేలు తీసుకొని వెళ్ళి ఉయ్యాలలో ఉన్న తమ్ముడి నోట్లో పెట్టగలదు. తనకు తీయగా ఉన్నది తమ్ముడికి పెట్టాలన్న ప్రేమే అది. కాబట్టి పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ ఆట బిడ్డకు దూరముగా ఆడాలి, లేవకముందే చేతులు సబ్బుతో కడగాలి. సీసా పై అరలో పెట్టాలి.

ఇక పెద్ద పిల్లలకైనా రోజుకు ఒక చిన్న చెంచా దాటవద్దు. తేనె ప్రకృతి సిద్ధమైనదే గాని, పళ్ళకు అది పంచదార లాంటిదే. ఆట తరువాత నోరు పుక్కిలించాలి. కనుగొన్న తేనెను తగినంతే తినమని సామెతల గ్రంథము 25వ అధ్యాయములో జ్ఞాని ఏనాడో చెప్పాడు.

మొదటి రోజు ఏమీ నేర్పవద్దు. చెంచా ముంచి, పైకెత్తి, తేనె ధారగా జారడము చూపించండి. చూడనివ్వండి. మా చిన్నది పది నిమిషములు చూసింది. ధార సన్నగా దారములా జారి, అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. "దారం పడుకుంటోంది నాన్నా" అంది. అప్పుడు మాటలు ఇవ్వండి: చిక్కన, పలచన, జిగురు, ధార, బొట్టు, చుక్క. దేవుని ధర్మశాస్త్రపు తీపిని చెబుతూ 19వ కీర్తనలో దావీదు వాడిన జుంటితేనె అనే మాట కూడా చెప్పండి. జుంటి అంటే తేనెపట్టు. తెలంగాణలో తేనెతుట్టె అంటారు. ఆ మాట మనము ఆరాధనలో ఎన్నోసార్లు చదువుతాము గాని, జుంటి అంటే ఏమిటని అడిగితే మన యౌవనస్థులలో సగము మంది తెల్లబోతారు. పిల్లలకు చిన్ననాడే ఇస్తే ఆ మాట బ్రతుకుతుంది.

రెండో రోజు ఒక స్టీలు పళ్ళెము తీసుకోండి. ఒక అంచున నీటి బొట్టు, పక్కన నూనె బొట్టు, ఆ పక్కన తేనె బొట్టు. "ఇప్పుడు పళ్ళెం ఇటు వంచుతాను. ఎవరు ముందు వస్తారు?" అని అడగండి. పిల్లవాడు చెప్పేదాకా వంచవద్దు. తప్పు చెప్పినా సరిదిద్దవద్దు, పళ్ళెమే సరిదిద్దుతుంది. మరొక రోజు గాజు గ్లాసులో అడుగున తేనె పోసి, దానిమీద నెమ్మదిగా నీళ్ళు, ఆపైన నూనె పోయండి. మూడు అంతస్తులుగా నిలుస్తాయి. పైన, మధ్యన, అడుగున అనే మూడు మాటలు పుస్తకములో బొమ్మలు చూపించి నేర్పడానికి వారము పడుతుంది. ఇక్కడ ఒక్క పూట చాలు. చలికాలములో సీసా అడుగున తేనె గడ్డకట్టి పలుకుగా కనిపిస్తే పారవేయవద్దు. చాలామంది పంచదార కలిపారని అనుకుంటారు. మంచి తేనె కూడా అలా గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి, పలుకు మెల్లగా కరగడము పిల్లలకు చూపించండి. అదీ ఒక పాఠమే.

తరువాత గాజులు. ఒకే కొలత గాజులు ఏడు తీసుకోండి. ఒకటి నేల మీద పెట్టి, దాని చుట్టూ మిగిలినవి ఆనించి పెట్టమనండి. ఎన్ని పడతాయి? సరిగ్గా ఆరు. అమ్మ గాజులైనా, పాప గాజులైనా ఆరే. పిల్లలు నమ్మక మళ్ళీ మళ్ళీ పెట్టి చూస్తారు, అలాగే ఆరు లెక్క వచ్చేస్తుంది. ఇప్పుడు గాజుల మధ్య మిగిలిన సందులు వేలితో చూపించండి. తేనెటీగ తన గదులను ఇలా గుండ్రముగా కట్టి వదిలితే ఈ సందులన్నీ వృథా. అందుకే దాని గదికి ఆరు గోడలు. చీపురు పుల్లలు సమానముగా విరిచి, ఆరు పుల్లలతో ఒక గది కట్టండి. పక్కన రెండో గదికి ఎన్ని పుల్లలు కావాలి? ఐదే చాలు, ఎందుకంటే ఒక గోడ ఉమ్మడి. ఆ రెంటికీ ఆనుకుని మూడో గదికి నాలుగే. ఇది కనుగొన్న రోజున మా చిన్నది ఇంట్లో చీపురును బ్రతకనివ్వలేదు. నాకు మాత్రము ఆ పుల్లలు చూసినప్పుడు, లెక్కలంటే మనము పిల్లలకు ఎంత ఎండిన దానిని పెడుతున్నామో అనిపించింది.

ఉదయాన్నే పెరట్లో గుమ్మడి పాదు దగ్గరకు తీసుకొని వెళ్ళండి. పొద్దెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది కనుక ఆలస్యము చేయకూడదు. ఒక పువ్వు వెనుక సన్నని కాడ మాత్రమే ఉంటుంది. మరొక పువ్వు వెనుక గోళీకాయంత చిన్న కాయ ఉంటుంది. కాడ పువ్వులో వేలు పెడితే పసుపు పొడి అంటుతుంది. ఆ వేలిని కాయ పువ్వు మధ్యలో తాకించమనండి. తేనెటీగ చేసేది ఇదే. అది తేనె కోసమే వస్తుంది, పోతూ పోతూ మనకు కాయ ఇచ్చి పోతుంది. పాదు లేని పట్టణపు ఇళ్ళవారు మందార పువ్వుతో పొడి వరకు చూపించవచ్చు. అయితే పట్టు దగ్గరకు మాత్రము పిల్లలను తీసుకొని వెళ్ళవద్దు. ఎప్పుడైనా ఈగ కుడితే ముల్లును గోటితో గీకి తీసి, కడిగి, చల్లని గుడ్డ పెట్టండి. ముఖము వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే ఆసుపత్రికే.

వాన రోజు ఇంట్లో ఆడడానికి ఒక ఆట ఉంది. తేనెటీగ పూలతోట కనుగొని వస్తే పట్టులో ఉన్నవారికి ఎలా చెబుతుంది? నాట్యము చేసి చెబుతుంది. పొట్ట ఊపుకుంటూ ఒక దిక్కుగా నడుస్తుంది. తోట దూరమైతే ఎక్కువసేపు ఊపుతుంది. దీనిని కనిపెట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్తకు 1973లో నోబెల్ బహుమానము వచ్చింది. మీరు ఇంట్లో ఎక్కడో ఒక పువ్వు దాచి, పాపకు చెవిలో చెప్పండి. మాట లేకుండా, చెయ్యి చూపకుండా, ఒళ్ళు ఊపి తాతయ్యకు చెప్పాలి. తరువాత తాతయ్య ఊపాలి. మా ఇంట్లో నా వంతు వచ్చినప్పుడు సంఘస్థులెవరో గుమ్మములోకి వచ్చారు. పరవాలేదు.

ఇప్పుడు అక్షరము. పళ్ళెములో అర చెంచా తేనె పలుచగా రాయండి. చేతులు కడిగించండి. మొదట మీ వేలితో నెమ్మదిగా 'అ' వ్రాయండి. కాసేపటికి తేనె కలిసిపోయి అక్షరము మాయమవుతుంది. పిల్లలకు ఇది ఎంతో ఆశ్చర్యము. తరువాత వారి వేలు. వంకరగా వచ్చినా తప్పు కనబడదు, అదీ మాయమవుతుంది. వేలు నోట్లోకి వెళుతుంది. రోజుకు ఒక్క అక్షరము. ఎర్ర సిరా లేదు, కొట్టివేత లేదు. నాలుగో రోజో, పదో రోజో వారే బలపము అడుగుతారు. అడగకపోతే ఊరుకోండి. మూడు నుండి ఆరేళ్ళ వయస్సు ఆటపాటలతో నేర్వవలసిన వయస్సని 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడా చెబుతోంది. వ్రేళ్ళ ఎముకలు ఇంకా గట్టిపడని పిల్లలతో నాలుగు పేజీలు కాపీ వ్రాయించే బడులకు ఆ మాట ఎప్పుడు వినబడుతుందో తెలియదు.

పడుకునే ముందు కథ కావాలి కదా. పరిశుద్ధ గ్రంథములో తేనె కథలకు కొదువ లేదు. అలసిపోయిన యోనాతాను చేతికర్ర కొనను తేనెపట్టులో ముంచి రుచి చూడగానే అతని కన్నులు ప్రకాశించిన సంగతి 1 సమూయేలు 14వ అధ్యాయములో ఉంది. కథ చెబుతూ పుల్లను తేనెలో ముంచి నాలుకకు తాకించండి, కళ్ళు పెద్దవి చేయమనండి. మన్నా రుచి తేనె కలిపిన అప్పము రుచి అని చెప్పండి. దెబోరా అనే పేరుకు హెబ్రీ భాషలో తేనెటీగ అని అర్థము. మీ సంఘములో ఆ పేరుగల అమ్మాయి ఉంటే పిల్లలకు చూపించండి. సమ్సోను సింహపు కథ మాత్రము నాలుగేళ్ళవారికి వద్దు, ఎనిమిదేళ్ళు రానివ్వండి. పెద్దల కోసము ఒక మాట: కనానును గూర్చి పాలు, తేనె అన్నప్పుడు ఆ తేనె ఖర్జూరపు పాకమని చాలామంది పండితులు అంటూ వచ్చారు. అయితే 2007లో యొర్దాను లోయలోని తెల్ రెహోవ్ అనే చోట సుమారు మూడు వేల ఏళ్ళనాటి తేనెటీగల గూళ్ళు బయటపడ్డాయి. మట్టి, గడ్డి కలిపి చేసిన గొట్టములు, వరుసలలో పేర్చినవి, ముప్పై దాకా దొరికాయి. కాబట్టి ఆ దేశములో తేనెటీగలను పెంచిన మాట నిజమే.

చివరిగా చెప్పేది చింతగింజల పని. ఒక కూలి ఈగ (అవన్నీ ఆడ ఈగలే) పని కాలములో ఆరు వారములు బ్రతుకుతుంది. ఆ జీవితమంతటిలో అది చేయగలిగిన తేనె ఒక చిన్న చెంచాలో పన్నెండో వంతు అని అంచనా. ఒక చెంచా తేనె పక్కన పన్నెండు చింతగింజలు పెట్టించండి. ఒక్కొక్క గింజ ఒక్కొక్క ఈగ. గింజలు నోట్లో పెట్టుకోకుండా దగ్గర కూర్చోండి. లెక్క పూర్తయ్యాక ఆ చెంచా పిల్లల చేతికి ఇవ్వండి.

నేను మా చిన్నదానికి ఇచ్చాను. అది తినలేదు. గింజల వంక చూసి, "అయితే మనం వాటి అన్నం తినేస్తున్నామా నాన్నా?" అని అడిగింది. నా దగ్గర సిద్ధముగా జవాబు లేదు. నిజమే, తేనె ఈగలు తమకోసము దాచుకున్నదే. ఆ సాయంత్రము కూర్చుని దానికి పెట్టెలలో ఈగలను పెంచేవారి సంగతి చెప్పాను. పట్టు నలపకుండా, చట్రములు పైకి తీసి, కొంత తీసుకొని కొంత వాటికి వదిలే పద్ధతిని 1850లలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన అమెరికాలో తీసుకొని వచ్చాడు. ఆయన కూడా పాస్టరే. ఇది విని "నువ్వెందుకు కనిపెట్టలేదు?" అంది. ఆ రాత్రి మొదలు తేనె సీసా తీసినప్పుడల్లా కొంచెము వాటికి ఉంచాలని మూత బిగించేది. స్కేలుతో ఏ పిల్లకు ఇది నేర్పగలము చెప్పండి?

ఫోను చేసిన ఆ తల్లి పదిహేను రోజుల తరువాత మళ్ళీ చేశారు. బాబు మొదటి మూడు రోజులు అక్షరము వ్రాయలేదట, పళ్ళెము నాకేశాడట. నాలుగో రోజు ఎవరూ చూడనప్పుడు వ్రాశాడట, కాని పళ్ళెములో కాదు, గోడ మీద, తలుపు మీద, వాళ్ళ నాన్న తెల్ల చొక్కా మీద. "చీమలు వరస కట్టాయి అయ్యగారూ, ఇప్పుడెలాగ?" అన్నారు. గోరువెచ్చని నీళ్ళతో తుడిస్తే పోతుందని చెప్పాను. చొక్కా సంగతి నా భార్యను అడిగి చెబుతానన్నాను.